కుడివైపు గుంజే జీపు

2005 ఫిబ్రవరి 6

జీపు అమ్మాలని ఈరోజు తేలింది. నేనూ తల ఊపాను. నాకేమీ బాధ లేదు. ఎంతైనా అది ఇనుము.

నాయన పోయి ఏడాది తిరిగింది కాబట్టి భాగాలు పంచుకుందామని తమ్ముడు హనుమేష్ పొద్దున్నే కర్నూలు నుంచి వచ్చాడు. పెద్దమనిషిగా ఈరప్ప మామ అరుగు మీద కూర్చున్నాడు. పొలం పంచడానికి ఎంతసేపు? గట్టు ఎటూ మధ్యలోనే ఉంది. గొర్రెలను రెండు మందలు చేశారు. బావి ఇద్దరిదీ అన్నారు, ఎండిపోయిన బావి ఎవరిదైతే ఏం? జీపు దగ్గరికి వచ్చేసరికి అందరూ ఆగిపోయారు. దాన్ని సగానికి కోయలేరు కదా.

"అక్కకే ఇడిసిపెట్టు హనుమప్పా, కళ్లాలు తొక్కించుకుంటాంది" అన్నాడు ఈరప్ప మామ.

"కళ్లాలు యాడుండాయి మామా? నాలుగేండ్లాయె, ఈ ఊర్లో గింజ పండిందా? ఊరికే నిలబెట్టుకోని తుప్పు పట్టించేదానికా? అమ్మి చెరిసగం తీసుకుందాం."

వాడన్నది అబద్ధం కాదు. అందుకే నాకు ఒళ్లు మండింది. "అమ్ముదాం లే. ఎవరికి అమ్మాలో మాత్రం నేనే చెప్తా" అన్నాను. సరేనన్నాడు. ఒక్క కప్పు టీ తాగి వెళ్లిపోయాడు. సిమెంటు దుకాణం తెరవాలంట.

ఫిబ్రవరి 7

జీపు కడిగాను. అమ్మే వస్తువు శుభ్రంగా ఉండాలి, అందుకే.

ఫిబ్రవరి 11

మొదటి బేరం. డోన్‌లో నూనె మిల్లు ఉన్న వీరభద్రయ్య గారు ఒక మెకానిక్కును వెంటబెట్టుకొని వచ్చారు. ఆ మెకానిక్కు బానెట్టు ఎత్తాడు, కింద దూరాడు, చక్రాలను కాలితో తన్నాడు, చివరికి ఒకసారి నడిపి చూస్తానన్నాడు. రోడ్డు తిన్నగానే ఉంది. జీపు మాత్రం కుడికి కుడికి జరుగుతూ పోయి పక్కింటి సిద్దమ్మ పేడదిబ్బలో దూరింది.

"ఏందమ్మా ఇది, కుడిపక్కకు గుంజుతాండాది?"

"దాని నడకే అంత."

"నడక కాదమ్మా, రోగం" అన్నాడు.

రోగమంట! పాతికేళ్లు పనిచేసిన ఒంటికి ఆ పని గుర్తు పడితే అది రోగమా? కొర్ర గానీ ఉలవ గానీ కోసి కళ్లంలో పరిచాక దాని మీద జీపును గుండ్రంగా తిప్పి గింజ రాల్చడం ఈ ఊళ్లో మొదలుపెట్టిందే మా నాయన. మా కళ్లం అయ్యాక ఊరందరి కళ్లాలకూ తిప్పేవాడు. ఎవరికి తోచిన గింజలు వాళ్లు కొలిచి పెట్టేవాళ్లు, మా గాదె నిండేది. ఆయన పట్టుదల ఒకటే. గింజ దేవుడు కాబట్టి దాని చుట్టూ ఏ చక్రమైనా ప్రదక్షిణంగానే తిరగాలి. ఎన్నడూ ఎడమకు తిప్పనివ్వలేదు. తిరిగి తిరిగి జీపుకు కుడివైపే అలవాటైంది. డోన్‌లో ఎంతమంది సరిచేసినా రెండు కళ్లాలకు మళ్లీ మొదటికొచ్చేది.

నేనూ హనుమేష్ స్టీరింగు పట్టడం నేర్చుకున్నది ఆ కళ్లంలోనే. వాడు నాయన ఒళ్లో కూర్చుని నేర్చుకున్నాడు. జీపు తిన్నగా పోవాలంటే ఎడమకు ఎంత పట్టి ఉంచాలో మా ఇద్దరి చేతులకూ తెలుసు. దిగుడులో ఒక తీరు, ఎక్కుడులో ఇంకో తీరు. నాయన తర్వాత అది తెలిసింది మా ఇద్దరికే.

నన్ను ఆదోని నుంచి వెనక్కి తెచ్చింది కూడా ఈ జీపే. అత్తవారి వాకిట్లో నాయన ఎవరితోనూ గొడవ పడలేదు. నా పెట్టె వెనక వేశాడు. ఊరు దాటాక జీపు ఆపి దిగి, "నువ్వు నడుపు బిడ్డా, నాకు నిద్దర వస్తాంది" అన్నాడు. పట్టపగలు. దారంతా ఆయన కబుర్లు చెబుతూనే ఉన్నాడు, కన్ను మూసింది లేదు. ఇంటికి చేరేసరికి నా ఏడుపు ఆగిపోయి ఉంది.

ఇవన్నీ ఇప్పుడెందుకు రాస్తున్నాను? కొనేవాడికి అక్కర్లేని సంగతులు.

ఫిబ్రవరి 19

ఇద్దరొచ్చారు. ఒకడు కోసి తూకానికి వేస్తానన్నాడు. ఇంకొకడు టాపు మీద కూడా మనుషులను కూర్చోబెట్టి ట్రిప్పులు తోలుతానన్నాడు. ఇద్దరినీ పొమ్మన్నాను. సాయంత్రం ఈరప్ప మామ ఇంటికి హనుమేష్ ఫోను చేసి, "నీకు అమ్మబుద్ధి కాలేదని చెప్పరాదా అక్కా, ఊరికే వచ్చినోళ్లకు వంకలు పెడతాండావు" అన్నాడు.

నాకు అమ్మబుద్ధి కాకపోవడమేమిటి? మంచి మనిషి రావాలి, అంతే.

ఫిబ్రవరి 27

అమ్మేశాను.

హైదరాబాదు నుంచి సినిమా కంపెనీ మేనేజరు వచ్చాడు. చలవ కళ్లద్దాలు, చేతిలో రెండు సెల్‌ఫోన్లు. కొండ కింది బీడు భూమిలో నెలరోజులు షూటింగంట. జీపు చుట్టూ ఒకసారి తిరిగి, "సూపర్ మేడమ్, మాకు సరిగ్గా ఇలాంటిదే కావాలి" అన్నాడు. బానెట్టు ఎత్తలేదు. ఇంజను వేసి చూడలేదు. బేరం ఆడలేదు. నా అంతట నేనే, "కుడికి గుంజుతాది అప్పా, ముందే చెప్తాండా" అన్నాను. ఈరప్ప మామ, హనుమేష్ అక్కడే ఉన్నారు.

"ఫర్వాలేదండీ, మాకు దీంతో పెద్దగా నడిచే పని లేదు" అన్నాడు.

అప్పుడే అడగాల్సింది. అడగలేదు. హీరో ఆ సీట్లో కూర్చుంటాడనుకున్నాను, నాయన చూసి ఉంటే మీసం దువ్వేవాడనుకున్నాను. లోపలికి పోయి ఆకూ వక్కా తెచ్చి నా చేత్తోనే తాంబూలం ఇచ్చాను. మా వైపు తాంబూలం ఇచ్చాక ఇక బేరం తిరగదు. హనుమేష్ వచ్చినప్పటి నుంచి మొదటిసారి నవ్వాడు. షూటింగు మొదలయ్యే ముందు వచ్చి తీసుకుపోతామన్నారు.

మార్చి 2

సినిమా ఆడినప్పుడు డోన్ పోయి చూడాలి. సిద్దమ్మను కూడా తీసుకుపోతాను.

మార్చి 9

సిద్దమ్మ షూటింగు వాళ్ల వంటల దగ్గర గిన్నెలు తోమడానికి పోతోంది. మధ్యాహ్నం పరుగున వచ్చింది.

"లతమ్మా, మన జీపును గాలికి లేపుతారంట!"

"లేపుతారంటే?"

"కింద మందు పెట్టి పేలుస్తారంట. దాంట్లో పాక్షనోళ్లు బాంబులు ఏసుకోని వస్తాంటే హీరో పేల్చేస్తాడంట. వంటాయన చెప్పినాడు, అబద్ధమైతే నన్ను అడుగు."

ఉన్నపళంగా బస్సెక్కి కర్నూలు పోయాను. హనుమేష్ దుకాణంలో బస్తాలు దించుతున్నారు. నా మాట అంతా విని, "సినిమాలో పేలిస్తే ఏమి, తూకానికి ఏస్తే ఏమి? అమ్మేసినాం. మనది కాదు" అన్నాడు.

"నాయన పేరేమవుతుంది రా?"

"జీపు మీద నాయన పేరు యాడ రాసిండాది?"

"ముందర 'శ్రీ మద్దిలేటి స్వామి ప్రసన్న' అని రాయించింది ఎవరు?"

వాడు సిమెంటు కోసం ఎవరో వస్తే అటు తిరిగాడు. అన్నం తిని పొమ్మని మరదలు పిలిచింది. తినకుండానే వచ్చేశాను. ఆకలేసింది కూడా, అయినా తినలేదు.

మార్చి 10

నాకు కోపం ఆగడం లేదు. రాసుకుంటే తగ్గుతుందేమో.

సీమ అంటే వీళ్లకు కొడవలి, బాంబు, జీపు. ఏ సినిమా చూసినా అంతే. మా జీపులో ఏం ఎక్కాయో వీళ్లలో ఒక్కడైనా అడిగాడా? కొర్ర బస్తాలు ఎక్కాయి. ఈనలేక అరిచే గొర్రె ఎక్కింది. వంక పారుతున్న రోజు పురిటి నొప్పులతో సిద్దమ్మ కోడలు ఎక్కింది, ఆ నీళ్లలో వేరే ఏ బండీ కదలదు. మద్దిలేటి స్వామికి మొక్కులు తీర్చుకునేవాళ్లు తలనీలాలతో పోయి బోడిగుండ్లతో తిరిగొచ్చారు. బాంబు కాదు కదా, నాయన ఉన్నన్నాళ్లూ దాంట్లో ఒక చెడ్డ మాట కూడా ఎక్కనివ్వలేదు.

నాలుగేళ్లు వాన లేదు. చెట్లు మాడిపోయాయి, సగం ఊరు బెంగుళూరుకు కూలికి పోయింది. దాన్ని తీయడానికి ఒక్క కెమెరా రాలేదు. ఉన్న ఒక్క జీపును పేల్చడానికి మాత్రం లారీలకు లారీలు వచ్చాయి.

ఇవ్వను. ఏం చేసుకుంటారో చేసుకోమను.

మార్చి 11

ఈరప్ప మామ దగ్గరికి పోయాను. ఆయన చుట్ట నలుపుతూ అంతా విన్నాడు.

"పేలుస్తామని ముందే చెప్పినాడా వాడు?"

"చెప్పలేదు మామా."

"నువ్వు అడిగినావా?"

"లేదు."

"మరేమి చేద్దాం బిడ్డా? తాంబూలం నీ చేత్తోనే ఇచ్చినావు. ఇప్పుడు కాదంటే నీ మాట ఒకటే కాదు, నీ నాయన మాట కూడా పోతాది."

నాయన మాట అన్నాడు కాబట్టి ఊరుకున్నాను. మాట తప్పను. కానీ ఆ పనికి నా వేలు కూడా సాయం చేయదు. ఇది రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి 14

తీసుకుపోయారు. వాళ్ల డ్రైవరు రెండుసార్లు కంచెను గుద్దాడు. నేను లోపల వంట చేసుకుంటున్నాను. చూడలేదు. రెండోసారి గుద్దినప్పుడు మాత్రం చూశాను.

మార్చి 17

సిద్దమ్మ చెప్పింది. నల్ల రంగు కొట్టారంట. అద్దానికి తూటాలు తగిలినట్టు బొమ్మలు అతికించారంట. స్వామి పేరు మీద కూడా నలుపే.

నేను బాగానే ఉన్నాను.

మార్చి 20

పోకూడదనుకున్నాను. పోయాను.

ఊరంతా బీట్లోనే ఉంది. ఈరప్ప మామ కొత్త తువ్వాలు వేసుకొచ్చాడు. హనుమేష్ కూడా దుకాణం మూసి వచ్చాడు, షూటింగు చూడాలని మరదలు పోరు పెట్టిందంట. నా పక్కనే నిలబడ్డాడు గానీ ఇద్దరం మాట్లాడుకోలేదు.

జీపు మిట్ట మీద నిలబడి ఉంది. నేను గుర్తుపట్టలేదు. నల్లగా, ఎవరిదో బండిలా ఉంది. ముందు చక్రాల మధ్య ఎన్నేళ్లుగానో వంగి ఉన్న ఇనుప కడ్డీని చూశాక గాని మాదేనని తెలియలేదు. కింద ఎర్ర జెండాలు పాతిన చోట మందు పాతిపెట్టారు. మిట్ట మీద నుంచి మనిషి లేకుండా స్టీరింగు కట్టేసి జీపును వదిలితే అది నేరుగా జెండాల దగ్గరికి రావాలి, అప్పుడు పేలుస్తారు. మందు ఒక్కసారికి సరిపడానే ఉందని మైకులో అరుస్తున్నారు.

ముందు ఉత్తిగా వదిలి చూశారు. కుడికి పోయింది. పైకి లాగించి, స్టీరింగును కొంచెం ఎడమకు కట్టి మళ్లీ వదిలారు. కాసేపు ఎడమకు పోయినట్టే పోయి, వాలు పెరిగేచోట మళ్లీ కుడికి తిరిగింది. ఫైటింగు మాస్టరు టోపీ తీసి నేలకు కొట్టాడు. ఎండ దిగిపోతోందని కెమెరా ఆయన గోల. అప్పుడు ఎవరో నన్ను చూపించారు. మేనేజరు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"మేడమ్, దీని సంగతి మీకు బాగా తెలుసట కదా. స్టీరింగ్ ఎంతలో కట్టాలో ఒక్కసారి చూపించండి, ప్లీజ్."

ఊరు ఊరంతా నా వైపు తిరిగింది.

"జీపు అమ్మినా. దాని నడక అమ్మలేదు."

"అదేంటండీ, డబ్బు తీసుకున్నారు కదా!"

"కుడికి గుంజుతాదని తాంబూలానికి ముందే చెప్పినా. ఫర్వాలేదంటివి. ఏం మామా, చెప్పినానా లేదా?"

"చెప్పింది. నేను ఈ చెవులతోనే విన్నా" అన్నాడు ఈరప్ప మామ.

మేనేజరు పళ్లు కొరికి హనుమేష్ వైపు తిరిగాడు. "మీ నాన్నగారి బండే కదండీ. మీరు నడిపి ఉంటారుగా? మీరు రండి."

వాడికి తెలుసు. పైకి పోయి స్టీరింగు మీద చెయ్యి వేస్తే చాలు, ఆ చేతికే తెలిసిపోతుంది. బేరం చెడకూడదని మొదటి నుంచీ తపన పడిందీ వాడే. హనుమేష్ మిట్ట మీదికి చూశాడు. జీపు ముందు భాగం మా వైపే ఉంది. స్వామి పేరు ఉండాల్సిన చోట నల్లరంగు ఎండకు మెరుస్తోంది.

"నాకు డ్రైవింగే రాదు సార్" అన్నాడు.

వాణ్ని ఆ సీట్లో ఏళ్ల తరబడి చూసిన ఊరు అది. వాడు తొక్కించిన గింజ తిననివాళ్లు అక్కడ ఒక్కరూ లేరు. ఒక్కరూ నోరు విప్పలేదు. సిద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇక చేసేది లేక వాళ్లకు తోచినట్టు కట్టి వదిలారు. జీపు మిట్ట దిగింది. సగం దూరం తిన్నగానే వచ్చింది, అయిపోయిందనుకున్నాను. అక్కడి నుంచి మెల్లగా కుడికి తిరిగింది. కళ్లంలో తిరిగినట్టే, తొందర లేకుండా. కెమెరాలు వదిలేసి మనుషులు పరుగెత్తారు. టిఫిన్ల టెంటు పక్కగా పోయి, వంక ఇసుకలో దిగి, కంపచెట్లలో దూరి ఆగింది. ఆ గందరగోళంలో ఎవరు మీట నొక్కారో గానీ జెండాల దగ్గర మందు పేలింది. ఉత్త మన్ను పైకి లేచి అందరి నెత్తుల మీదా పడింది.

నేను పెద్దగా నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. హనుమేష్ తలలో మన్ను దులుపుకుంటూ, "పోదాం పా అక్కా" అన్నాడు. అన్నం వండాను. వాడూ మరదలూ తిని చీకటి పడకముందే బయలుదేరారు. జీపు మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మార్చి 21

పొద్దున్నే ఈరప్ప మామను వెంటబెట్టుకొని పోయేసరికి వాళ్లు ఇంకో పాత వ్యానుకు నల్లరంగు కొడుతున్నారు. మా జీపు వెనక చక్రాలు సగానికి ఇసుకలో ఉన్నాయి. లారీ కట్టి లాగితే తాడే తెగిందంట.

"దీన్ని ఏం చేస్తారప్పా?" అని మేనేజరును అడిగాను.

"క్రేన్ తెప్పించాలంటే దాని ఖరీదు కంటే ఎక్కువవుతుంది. ఆ దరిద్రం మాకొద్దు. కావాలంటే మీరే పట్టుకుపోండి."

"నోటితో అంటే కాదు" అని కొంగులో కట్టుకుపోయిన ఆకూ వక్కా తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఇవి మళ్లీ నా చేతికియ్యి. ఈరప్ప మామ చూస్తాండాడు."

మేనేజరుకు అర్థం కాలేదు. ఈరప్ప మామ విడమరిచి చెప్పాక నవ్వేసి రెండు చేతులా ఇచ్చాడు. తీసుకుని కళ్లకద్దుకున్నాను. అడగకుండా తాంబూలం ఇవ్వడం ఎంత తెలివితక్కువో నాకు తెలిసింది, ఆయనకు ఇంకా తెలియలేదు.

తర్వాత జీపెక్కి ఇంజను వేశాను. పెద్ద గేరు పక్కన పొట్టి కడ్డీ ఒకటి ఉంటుంది, దాన్ని ముందుకు తోస్తే నాలుగు చక్రాలూ కలిసి లాగుతాయి. తోశాను. జీపు ఒకసారి మూలిగి, ఇసుకను వెనక్కి చిమ్మి, కంపచెట్లతో సహా గట్టెక్కింది. రంగు కొట్టేవాళ్లు బ్రష్షులు పట్టుకుని అలాగే చూశారు. ఆ కడ్డీ సంగతి వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

మధ్యాహ్నం కొండ వైపు పెద్ద శబ్దం వినిపించింది. వ్యాను అయి ఉంటుంది. నేను టాపులో ఇరుక్కున్న ముళ్లు తీస్తున్నాను.

మార్చి 23

కిరసనాయిలు పెట్టి తుడిస్తే నల్లరంగు కింద నుంచి స్వామి బయటపడ్డాడు. 'ప్రసన్న' మాత్రం సగమే మిగిలింది. చాలు.

ఏప్రిల్ 15

హనుమేష్ నుంచి కబురు లేదు. జీపు తిరిగొచ్చింది కాబట్టి మళ్లీ అమ్మి భాగం పెట్టమంటాడేమో. అననీ. ఈసారి తల ఊపను.

జులై 19

వాన. రాత్రంతా, ఇంకా పడుతోంది. రాయడానికి తీరిక లేదు, కొర్ర విత్తాలి.

అక్టోబరు 14

దసరా అయింది. ఈసారి ఆయుధ పూజకు జీపు కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, ఊరందరి ముందూ తొక్కించాను. పండుగకు వచ్చిన హనుమేష్ ఇంకా పోలేదు. దుకాణం మరదలు చూసుకుంటోందంట.

ఈరోజు మా కళ్లం. నాలుగేళ్ల తర్వాత మొదటిది. కొర్ర పరిచి నేను కొంగు బిగించేలోపే వాడు వెళ్లి సీట్లో కూర్చున్నాడు. నన్నడగలేదు. నేను చెదిరిన కొర్రను మధ్యకు ఎగదోస్తూ ఉంటే వాడు తిప్పుతున్నాడు. చెయ్యి ఏమీ మరిచిపోలేదు. ఎండు కొర్ర వాసనకు నాయన గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందని సిద్దమ్మతో చెప్పాను.

పదకొండు దాటాక నందికొట్కూరు నుంచి ఒకాయన స్కూటరు మీద వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

"ఏమప్పా, ఈ జీపు అమ్ముతారంట కదా?"

హనుమేష్ బండి ఆపలేదు. "దాన్ని ఎప్పుడో అమ్మేసినాం" అని అరిచి అటువైపుకు వెళ్లిపోయాడు. ఆయన నా మొహం చూశాడు. నేను కొర్ర ఎగదోసుకుంటూ ఉన్నాను. జీపు చుట్టు తిరిగి వచ్చేదాకా పాపం ఎండలో నిలబడ్డాడు.

"మరి ఇదేందప్పా?"

"ఇది మా అక్కది" అన్నాడు హనుమేష్, మళ్లీ కుడికి తిప్పుతూ.